అత్తమ్మ కంటికి సగం టాపు

కాశీకి వెళ్లినవాళ్లు రాశారు. రామేశ్వరం వెళ్లినవాళ్లు రాశారు. దుబాయికి పోయి ఒంటెను చూసి వచ్చిన మా వాడకట్టు మల్లేశం చేత్తో రాయలేదు గానీ, వచ్చాక నెల రోజులు నోటితో రాస్తూనే ఉన్నాడు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరుకు, అక్కడి నుంచి కాజీపల్లికి, ఎండాకాలం నడినెత్తిన సూర్యుణ్ని పెట్టుకుని టాపు లేని జీపులో వెళ్లి వచ్చినవాళ్లు మాత్రం ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. బస్సులో పోయేవాళ్లకు ఆ దారి ఒక కునుకు. కళ్లు మూస్తే సంగారెడ్డి, తెరిస్తే పటాన్‌చెరు. మధ్యలో ఎన్ని దేశాలున్నాయో వాళ్లకేం తెలుసు? ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను. ఇందులో చెప్పేదంతా నిజం. నమ్మకం కుదరని చోట కొంచెం నెమ్మదిగా చదవండి, కుదురుతుంది.

బయలుదేరే ముందు

సెల్‌ఫోన్లు ఇంకా మా వైపు రాని రోజులవి. సంగారెడ్డిలో నాకు బోరు మోటార్లు బాగుచేసే దుకాణం ఉండేది. పల్లెల్లో కాలిపోయిన మోటార్లను తెచ్చుకోవడానికి బండి కావాలని ఇంట్లో చెప్పి, మిలిటరీ వాళ్లు వదిలేసిన పాత జీపొకటి కొన్నాను. అసలు కారణం వేరు. ఆ జీపులో కూర్చుంటే నాకు మీసం లేకపోయినా ఉన్నట్టనిపించేది.

దానికి టాపు లేదు. ఏమైందని అమ్మినవాణ్ని అడిగితే యుద్ధంలో పోయిందన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ఇనుప చట్రం అంచున మిగిలిన పీలికల మీద మేక పళ్ల గాట్లున్నాయి. ఏ దేశపు మేకలో నేను అడగలేదు.

టాపు లేకుండానే రెండు ఎండాకాలాలు నడిపాను. మూడో ఎండాకాలంలో హత్నూరలో ఉండే మా అత్తమ్మకు కంట్లో పొర వచ్చింది. పటాన్‌చెరు కంటి ఆసుపత్రిలో ఆపరేషన్. నా భార్య సుగుణ తల్లికి తోడుగా అక్కడే ఉండిపోయింది. శనివారం ఇంటికి పంపిస్తామనీ, దారిలో కంటికి ఎండ తగలకూడదనీ డాక్టరు చెప్పాడట. బస్సు ఎక్కిస్తే అత్తమ్మకు మొదటి స్టాపులోనే వాంతులు. ఆటో పొగకు దగ్గు. ఇక మిగిలింది నా జీపే. సుగుణ ఆసుపత్రి నుంచి మా పక్కింటి ఫోనుకు ఫోన్ చేసింది.

"శనివారం పన్నెండింటికి ఆ జీపు మీద నీడ ఉండాలె," అంది.

"ఉంటది," అన్నాను.

"ఉంటది గాదు, ఉండాలె. అమ్మ కంటికి ఎండ తగిలిందంటే, ఇటికె బట్టీ సేఠ్ ఆదివారం వస్తడు. నా చేత్తోనే తాళం ఇస్త."

ఇటుక బట్టీ సేఠ్ ఆ జీపు మీద కన్నేసి చాలా రోజులైంది. వెనక సీటు పీకేసి ఇటుకలు మోయిస్తాడట. ఎంత సైన్యాన్ని మోసిన బండి, చివరికి ఇటుకలా? ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. రొట్టెలు తిన్నాను.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, నేను నిండు టాపు వేయించదలచుకోలేదు. నిండా కప్పేస్తే జీపుకూ ఆటోకూ తేడా ఏముంది? టైర్ల దుకాణం క్యాలెండరు మీద ఏదో విదేశపు జీపు బొమ్మ చూశాను. ముందు అద్దం నుంచి ముందు సీట్ల వెనక దాకా గుడ్డ, ఆ వెనకంతా ఆకాశం. నీడకు నీడ, దర్జాకు దర్జా. సగం టాపే వేయించాలని గట్టిగా అనుకున్నాను.

రెండోది అత్తమ్మ సంగతి. మా వైపు అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడదు. పెళ్లయి ఇన్నేళ్లలో ఆమె నాతో చెప్పాల్సినవన్నీ సుగుణకో, తలుపుకో, దొడ్లో ఉన్న బర్రెకో చెప్పింది. "ఓ బర్రె, అన్నం పెట్టినమని చెప్పు" అంటే నేను వెళ్లి కూర్చునేవాణ్ని. నేను కూడా దూలం వైపు చూసి జవాబిచ్చేవాణ్ని. ఈ పద్ధతి వల్ల మా ఇద్దరి మధ్య ఒక్కసారి కూడా మాట తేడా రాలేదు. దేశాల మధ్య కూడా ఒక బర్రెను పెట్టుకుంటే మంచిదని నా అభిప్రాయం.

కంది: చీర ప్రయాణం

శుక్రవారం పొద్దున బయలుదేరాను. కాజీపల్లిలో మందుల కంపెనీలో పనిచేసే నా బామ్మర్ది యాదగిరి తనకు తెలిసిన దర్జీ ఉన్నాడన్నాడు. అక్కడిదాకా వెళ్లడానికి నాకే నీడ కావాలి గదా? సుగుణ పెట్టె తెరిచి, పాతగా కనిపించిన ఒక పచ్చ చీర తీసి, ముందు అద్దానికి రెండు కొనలు, వెనక చట్రానికి రెండు కొనలు కట్టాను. చౌరస్తా దాటేదాకా పెళ్లికొడుకు పల్లకిలో ఉన్నట్టుంది.

కంది దగ్గర గాలి మొదలైంది. మా సంగారెడ్డి గాలికీ కంది గాలికీ తేడా ఉంది. మా గాలి అడిగి తీసుకుపోతుంది, కంది గాలి అడగదు. చీర ఒక కొన ఊడింది, తర్వాత రెండోది, తర్వాత చీరంతా లేచి, ఎదురుగా బొంబాయి వైపు పోతున్న లారీ మీద వాలింది. నేను చేతులు ఊపాను. లారీ నడిపే సర్దార్జీ తనకు నమస్కారం పెడుతున్నానని అనుకుని రెండు చేతులూ ఎత్తి నవ్వాడు. ఒకటి స్టీరింగు మీద ఉంచినా బాగుండేది. లారీ పైన పచ్చ చీర, అంచు గాలికి ఆడించుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. మా ఇంటి నుంచి బొంబాయి చూసింది అదొక్కటే.

ఇస్నాపూర్: చాయ్, కుడుములు

ఎండాకాలం టాపు లేని జీపులో కూర్చోవాలంటే ముందు సీటు మీద ఒక చెంబెడు నీళ్లు పోయాలి. నీళ్లు సుయ్‌మని ఆవిరైపోతాయి. అప్పుడు గభాలున కూర్చోవాలి. ఆలస్యమైతే మళ్లీ చెంబు.

ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ బండి లచ్చమ్మ ఇదంతా చూసింది. గట్టి మనిషి, నోరు ఇంకా గట్టిది.

"ఏం పటేలా, నెత్తి మీద టాపు ఎటువాయె?"

"ఇది గిట్లనే వస్తది. ఫారిన్ జీపు."

"ఫారిన్ల నెత్తులు గిట్ల కాలవా?"

"ఆడ ఎండ తక్కువ."

"మరి ఆడనే నడుపుకోకపోయినవ్," అని చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది.

మా దగ్గర చాయ్ అంటే కప్పు నిండి సాసర్లోకి పొర్లాలి. లేకపోతే దుకాణదారుకు మర్యాద తెలియదంటారు. ఇస్నాపూర్లో బొటనవేలంత గ్లాసు, అందులో ముప్పాతిక, అదీ నిలబడే తాగాలి. షిఫ్టులకు పోయేవాళ్లు కూర్చుంటే లేవరట. రూపాయి చాయ్‌కి రూపాయంత మర్యాదే. మిర్చి బజ్జీ మాత్రం మా దానికన్నా పెద్దది. కొరికితే కంట్లోంచి నీళ్లు, చెవుల్లోంచి సైరను.

పక్కన నిలబడ్డ ఒక ఒరిస్సా పిల్లగాడు జీపును చుట్టూ తిరిగి చూసి, హిందీలో, దీన్ని ఎవరు కొట్టారని అడిగాడు. నేను యుద్ధం సంగతి చెప్పాను. మేకల దగ్గరికి వచ్చేసరికి అతని షిఫ్టు టైమైంది. పాపం, ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో తెలియకుండానే వెళ్లిపోయాడు.

బయలుదేరే ముందు సీటు మీద మళ్లీ చెంబు పోశాను. ఆవిరి లేచింది. లచ్చమ్మ చూసి, "జెర ఆగు పటేలా, కుడుముల గిన్నె తెస్త," అంది. తెచ్చింది కూడా. ఉడికాయా అని మీరు అడుగుతారు. రెండు ఉడికాయి, మూడోదానికి ఉప్పు తక్కువైంది.

కాజీపల్లి: సంచులు కుట్టే చెయ్యి

కాజీపల్లి వస్తుందని చెప్పడానికి బోర్డు అక్కర్లేదు. ముక్కు చెబుతుంది. ముక్కు మూసుకుంటే నాలుకకు తెలుస్తుంది. అక్కడివాళ్లకు ఆ మందుల కంపెనీల వాసనే తెలియదు. నేను చెప్తే యాదగిరి గాలిని రెండుసార్లు పీల్చి, "ఇది ఏం గాదు బావా, నిన్న రావాల్సుండె," అన్నాడు, పోయిన పండగ గురించి చెప్పినట్టు.

యాదగిరి గది నాకొక కొత్త దేశం. గది ఒక్కటే, చాప ఒక్కటే, మనుషులు ముగ్గురు. ఒకరు లేచి పనికి పోతే ఇంకొకరు వచ్చి పడుకుంటారు. చాప ఎప్పుడూ చల్లారదు. మా ఇంట్లో అతిథి వస్తే నులక మంచం వేస్తారు. ఇక్కడ అతిథికి షిఫ్టు వేశారు. నేను బీహార్ నుంచి వచ్చిన ఒకతని వంతులో పడుకున్నాను. ఆ నిద్రలో కలలు కూడా హిందీలోనే వచ్చాయి, సగం అర్థం కాలేదు.

పడుకోకముందే, శుక్రవారం మధ్యాహ్నం, దర్జీ దగ్గరికి వెళ్లాం. పేరు ఖాజా భాయ్. కంపెనీల్లో మందు పొడిని వడగట్టే గుడ్డ సంచులు కుడతాడు. లగ్గాల కాలంలో షామియానాలు కుడతాడు. నేను జేబులోంచి క్యాలెండరు బొమ్మ తీసి చూపించాను. ఆయన బొమ్మను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు, తర్వాత జీపును చూశాడు.

"లోపల ఏం పడ్తది సాబ్?"

"మనుషులు."

"పొడి కాదు గదా?"

"కాదు."

"తడి?"

"చెమట."

"అయితే ఫికర్ లేదు," అని చెవి మీద పెట్టుకున్న సుద్ద ముక్క తీశాడు.

యాదగిరి మధ్యలో కలగజేసుకున్నాడు. కంపెనీలో చేరినప్పటి నుంచి వాడికి కంపెనీ మాటలు లేకుండా మాట్లాడటం రాదు. "ఖాజా భాయ్, ఇది అర్జెంట్ బ్రేక్‌డౌన్ జాబ్. రేపు పగటాల పేషెంట్ లోడింగ్ ఉన్నది."

"పేషెంట్ ఎవరు?"

"మా అమ్మ."

"అమ్మ కోసమా?" అని ఖాజా భాయ్ సుద్ద పక్కన పెట్టి, మంచి గుడ్డ వెతకడానికి లోపలికి పోయాడు.

మంచి గుడ్డంటే ఆయన దగ్గర రెండే ఉన్నాయి. ఒకటి తెల్లటి మందపాటి వడపోత గుడ్డ. ఇంకొకటి ఎవరి లగ్గానికో కుట్టగా మిగిలిన షామియానా ముక్క. ఎరుపు, పసుపు, మధ్యలో నీలం పువ్వులు. "కింద తెల్లది, మీద రంగుది. కింద చల్లగ, మీద షాన్‌గ," అన్నాడు. ముగ్గురం ఒప్పుకున్నాం. ముందు సీట్ల వెనక నిలబెట్టడానికి ఇనుప కమాను కావాలి. వెల్డింగ్ దుకాణంలో పాత పైపు వంచి జీపుకు అతికించారు. చూడటానికి కొంచెం ఏనుగు తొండంలా ఉంది గానీ కదలదు.

ఇక కుట్టడం. ఆ మనిషి మిషను తొక్కుతుంటే రైలు పోతున్నట్టుంటుంది. మాట్లాడుతూనే కుడతాడు, చాయ్ తాగుతూనే కుడతాడు, తన పెద్ద బిడ్డ పెళ్లి సంగతి చెబుతూ కళ్లు తుడుచుకుంటూ కూడా కుట్టాడు. అక్కడే తేడా కొట్టింది. ఏళ్ల తరబడి సంచులు కుట్టిన చెయ్యి. మనసు పెళ్లి దగ్గరుంటే చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. రెండు గుడ్డలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, మూడు వైపులా గట్టిగా కుట్టి, నాలుగో వైపు మూతి వదిలేసింది.

"ఖాజా భాయ్, ఇది సంచి," అన్నాను.

ఆయన చూశాడు. లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. తల పెట్టి చూశాడు. సంచి లోపల నుంచే మాట వినపడింది. "అవును సాబ్. మంచి సంచి."

"విప్పు మరి."

"రెండు వరుసల కుట్టు. విప్పితే గుడ్డ పోతది." తల బయటికి తీశాడు. "దర్వాజ ముందు దిక్కు పెడితే గాలి లోపలికి పోతది సాబ్. మీకు చల్లగుంటది. ఏసీ."

ఏసీ అనేసరికి యాదగిరి కళ్లు పెద్దవయ్యాయి. వాళ్ల కంపెనీలో ఏసీ మేనేజరు గదికి మాత్రమే ఉందట. నాకు కూడా మాట నచ్చింది. సంచి మూతి ముందుకు వచ్చేలా, కింది గుడ్డను అద్దానికి తాళ్లతో, వెనక కొనలను కమానుకు గట్టిగా బిగించి కట్టాం. ఖాజా భాయ్ చుట్టూ తిరిగి, మీద తట్టి, "మీ అత్తమ్మ దువా చేస్తది," అన్నాడు.

గాలిలో కొంతసేపు

శనివారం పొద్దున యాదగిరిని పక్కన కూర్చోబెట్టుకుని పటాన్‌చెరుకు బయలుదేరాను. మెల్లగా పోతున్నంతసేపు బాగానే ఉంది. నీడ నిజంగానే చల్లగా ఉంది. ఖాళీ రోడ్డు కనిపించి కాలు గట్టిగా నొక్కాను. సంచి గాలి మింగడం మొదలుపెట్టింది. ముందు దిండంత అయింది, తర్వాత పరుపంత, తర్వాత గుమ్మటమంత. స్టీరింగు తిప్పాను. జీపు వినలేదు. కిందికి చూస్తే, చెప్పడానికి నాకే మొహమాటంగా ఉంది, ముందు చక్రాల కింద రోడ్డు లేదు.

ఎంత ఎత్తు లేచామని చాలామంది అడిగారు. నేను కొలవలేదు. కానీ కింద ఒక మేకల మంద పోతుంటే వాటి వీపులు కనిపించాయి. అందులో ఒక ముసలి మేక తలెత్తి టాపును చూసిన చూపు మాత్రం నేను మరిచిపోను. పాత రుచి గుర్తొచ్చినట్టు చూసింది.

"బావా, మనది లోడ్ తక్కువైంది," అన్నాడు యాదగిరి, రెండు చేతులతో సీటు పట్టుకుని.

"నోరు మూసుకుని బరువుగా కూర్చో."

బరువుగా కూర్చున్నాడు. దిగాం. దిగిన చప్పుడుకు టీ కొట్టు ముందు కూర్చున్న ఫ్యాక్టరీ మనుషులు లేచి వచ్చారు. అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. తీసేయమని ఒకరు, కోసేయమని ఒకరు, ఇంకో సంచి వెనక కూడా కడితే పూర్తిగా ఎగరొచ్చని ఒకరు. చివరికి తాళ్లన్నీ విప్పి, టాపును గిర్రున తిప్పి, సంచి మూతి వెనక్కి పెట్టి కట్టాం. అంతే, గాలి పట్టలేదు. అప్పుడే దారిన పోతున్న ఒక ముసలమ్మ ఆగి, నీలం పువ్వులు చూసి అడిగింది.

"ఎవరి పెండ్లి బిడ్డా?"

"పెండ్లి గాదవ్వా, కన్ను ఆపరేషన్."

"మంచిగ జెయ్యుండ్రి," అని దీవించి, భోజనాలు ఎక్కడో చెప్పకపోయేసరికి కొంచెం చిన్నబుచ్చుకుని వెళ్లింది.

పటాన్‌చెరు: ఎవరికి నీడ

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ పెళ్లి బండి లోపలికి రాకూడదన్నాడు. వాడికి కుట్టు చూపించి, సంచి చూపించి, సంగతంతా చెప్పి లోపలికి తెచ్చేసరికి పన్నెండు కానే అయింది. సరిగ్గా సుగుణ చెప్పిన వేళకు, మెట్ల ముందు జీపు, జీపు మీద నీడ. నేను దిగి బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాను. మీసం ఉన్నట్టే అనిపించింది.

అత్తమ్మ సుగుణ చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. కంటికి నల్లద్దాలు. అప్పుడే కట్టు విప్పారట, విప్పిన ఆకుపచ్చ గుడ్డ పిడికిట్లో ఉంది. నన్ను చూడగానే అలవాటు ప్రకారం కొంగు తల మీదికి లాక్కుంది. నల్లద్దాలు, మీద కొంగు. ఎవరో పెద్ద సినిమావాళ్లు రహస్యంగా వచ్చినట్టుంది.

సుగుణ టాపును ముందు నుంచి చూసింది, పక్క నుంచి చూసింది.

"మంచిగున్నది," అంది.

నేను యాదగిరి వైపు చూశాను. వాడు ఖాజా భాయ్ వైపు చూసేవాడే, ఆయన కాజీపల్లిలో ఉన్నాడు గాబట్టి ఆకాశం వైపు చూశాడు.

ఇంతలో అత్తమ్మ, ఆమెకు బాగా తెలిసిన దారిలో, జీపు వెనక్కి నడిచి, మెట్టు మీద కాలు పెట్టి, ఎప్పుడూ కూర్చునే వెనక సీటులో కూర్చుంది. వెనక ఆకాశం ఉంది. ఆకాశంలో సూర్యుడున్నాడు. సూర్యుడు సరిగ్గా అత్తమ్మ నల్లద్దాల మీద ఉన్నాడు. ముందు, నీలం పువ్వుల కింద, చల్లటి నీడలో రెండు ఖాళీ సీట్లు.

"ఎవరి కోసం కుట్టిచ్చినవ్?" అంది సుగుణ.

ఒక దర్జీ, ఒక కంపెనీ వర్కరు, ఒక మోటారు మెకానిక్కు, ముగ్గురం రెండు రోజులు కొలిచాం, కుట్టాం, వెల్డింగ్ చేయించాం, ఆకాశానికి కూడా వెళ్లి వచ్చాం. నీడ ఎవరికో ఆ మనిషి ఎక్కడ కూర్చుంటుందని ఒక్కరమూ అనుకోలేదు.

"అమ్మా, ముందుకు రా," అన్నాడు యాదగిరి.

"ముందుకు ఎట్ల వస్తర్రా? మీ బావ పక్కన కూసోనా? నలుగురు జూస్తె ఏమంటరు?"

"మధ్యల తువ్వాల కడ్త, పరద లెక్క," అన్నాను నేను, దూలం లేదు గాబట్టి ఆసుపత్రి బోర్డుకు చెప్పాను.

అత్తమ్మ మెడ చాచి ముందు సీట్ల వైపు చూసింది. "సుగుణా, చెప్పు. గేరు నడుమ ఉన్నది. గేరు మార్చినప్పుడల్లా పరద లోపలికి చెయ్యి వస్తది."

నిజమే. అంత దూరం నేను ఆలోచించలేదు. వాచ్‌మన్ గొడుగు తెచ్చి ఇచ్చాడు. అది తెరిచిన వెంటనే తామరపువ్వులా పైకి విచ్చుకుంది. టాపును వెనక్కి జరుపుదామంటే కట్టడానికి వెనక కమాను లేదు. యాదగిరిని నడపమన్నాను. "బావా, నాకు సైకిలే స్టాండు తీస్తే భయం," అని, రెండో షిఫ్టుకు టైమైందంటూ బస్సు ఎక్కి వెళ్లిపోయాడు. లోపల నుంచి నర్సు తల బయటపెట్టి, "పెద్దమ్మను ఎండల ఎందుకు కూసోపెట్టిండ్రు?" అంది. సుగుణ నా వైపు చూసింది. ఆ చూపులో నాకు ఇటుక బట్టీ కనిపించింది, పొగతో సహా.

అప్పుడు అత్తమ్మ ముందుకు వంగి జీపు పక్క రేకును వేలితో తట్టింది. బర్రెను పిలిచినట్టే.

"ఓ జీపు. మా సుగుణ లగ్గం గాక ముందు వాళ్ల నాయిన ట్రాక్టరుతోని దుక్కి దున్నిందని ఈళ్లకు ఎరుకేనా?"

నేను సుగుణను చూశాను. సుగుణ నేలను చూసింది.

"నాకు చెప్పలేదేంది?"

"నువ్వు అడిగినవా? మీవాళ్లు చూసిపోనీకి వచ్చినప్పుడు వంట వస్తదా అనే అడిగిండ్రు."

సుగుణకు తాళం చెవి ఇచ్చాను. అత్తమ్మ వెనక నుంచి దిగి ముందుకు వచ్చి, నీడలో, కూతురి పక్కన, కొంగు సర్దుకుని కూర్చుంది. నేను వెనక్కి ఎక్కాను. సీటు మీద చెంబు పోయడం ఎవరికీ గుర్తులేదు. నాకు వెంటనే గుర్తొచ్చింది.

తిరుగు దారి

సుగుణ నడపడం గురించి రాస్తే పొగిడినట్టుంటుంది. దుక్కిలో నేర్చుకున్న చెయ్యి గాబట్టి గుంటలను పట్టించుకోదు, గుంటలే దాన్ని చూసి తప్పుకుంటాయి. లైసెన్సు సంగతి ఇక్కడ రాయడం లేదు, ఆ దారిలో పోలీసులు కూడా చదువుకున్నవాళ్లే. ఎదురొచ్చే లారీల వాళ్లు దూరం నుంచే హారన్ కొట్టేవారు. ముందు షామియానా, నడిపేది ఆడమనిషి, పక్కన నల్లద్దాల పెద్దమ్మ, వెనక తువ్వాల తల నిండా కప్పుకుని తల వంచుకుని కూర్చున్న నేను. ఎవర్ని ఎవరు పెళ్లి చేసుకుని ఎక్కడికి తీసుకుపోతున్నారో వాళ్లకు అర్థమయ్యేలోపు మేం దాటిపోయేవాళ్లం.

ఇస్నాపూర్లో సుగుణ చాయ్‌కి ఆపింది. లచ్చమ్మ గ్లాసులు పట్టుకుని వచ్చి, ముందు చూసి, వెనక చూసి, తువ్వాల కొంచెం ఎత్తి లోపల నేనేనని రూఢి చేసుకుంది.

"ఏం పటేలా, ఫారిన్ల మొగోళ్లు గీడనే కూసుంటరా?"

"ఆడ పద్ధతి గంతే," అన్నాను.

"మంచి దేశమే," అని ముందున్నవాళ్లకు రెండు చాయ్‌లు పోసి, అత్తమ్మ గ్లాసు మాత్రం నిండా పోసింది. ఇస్నాపూర్లో నిండు గ్లాసు చూడటం నాకు అదే మొదటిసారి.

మళ్లీ రోడ్డెక్కాక సుగుణ వెనక్కి తిరగకుండానే అంది, "బట్టీ సేఠ్‌కు రావద్దని చెప్పు." నా గుండెలోంచి ఇటుకలు దిగాయి. వెంటనే ఇంకో మాట అంది. "జీపు నేనే నడుపుత. మోటార్లు తేవాలంటే చెప్పు, తెచ్చిపెడ్త. ఇంగో, నా పచ్చ చీర జీపుకు కట్టుకొని పోయినవని పక్కింటి ఆమె ఫోన్ల చెప్పింది. అది ఎటువాయె?"

"అది పుణ్యక్షేత్రాలకు పోయింది," అన్నాను. మిగతాది ఇంటికి పోయాక చెప్పొచ్చు.

కంది దగ్గర ఎండ నిలువునా కురుస్తోంది. వెనక సీటు రేకుకు మోకాలు తగిలితే మోకాలు, మోచెయ్యి తగిలితే మోచెయ్యి కాలుతున్నాయి. ముందు, నీలం పువ్వుల కింద, గాలికి సంచి మెల్లగా ఊపిరి పీల్చి వదులుతోంది. నేను తువ్వాల సందులోంచి ఆ నీడను చూస్తున్నాను. నేను కుట్టించిన నీడ, నేను బిగించిన తాళ్లు. తల ఎత్తితే ముందున్న చిన్న అద్దం కనిపించింది. అద్దంలో నల్లద్దాలు. నల్లద్దాలు నన్నే చూస్తున్నాయి.

అత్తమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఎదురుపడినట్టవుతుంది. అద్దంలో చూస్తే ఎవరు ఎవరికి ఎదురుపడినట్టు? ఆ సంగతి ఏ పెద్దలూ తేల్చినట్టు లేదు. ఆమె సుగుణకు చెప్పలేదు, జీపుకు చెప్పలేదు. అద్దంలోకి చూస్తూ అడిగింది.

"అల్లుడా, ఎండ కొడ్తున్నదా?"

పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమె నాతో అన్న మొదటి మాట. నాకు చూడటానికి దూలం లేదు, బర్రె లేదు. నేను కూడా అద్దంలోకే చూశాను.

"లేదత్తమ్మా. ఈడ చల్లగున్నది. గాలి మస్తు వస్తున్నది."

నా జీవితంలో చాలా చెప్పాను. గాలిలో ఎగిరిన జీపు సంగతి చెప్పినప్పుడు కూడా పది మందిలో నలుగురు నమ్మారు. ఇది మాత్రం ఒక్కరూ నమ్మలేదు. సీట్ల సందులోంచి ఒక చెయ్యి మెల్లగా వెనక్కి వచ్చింది. ఆ చేతిలో, ఆసుపత్రిలో విప్పిన ఆకుపచ్చ కంటి గుడ్డ ఉంది. అరచేతంత.

తీసుకుని నెత్తి మీద పెట్టుకున్నాను. సంగారెడ్డి దాకా, ఆ యాత్ర మొత్తంలో, నా వంతుకు వచ్చిన నీడ అంతే. కట్టు విప్పి పూట గడవని కంటికి, అదీ నల్లద్దాల వెనక నుంచి, నా అబద్ధం అంత స్పష్టంగా ఎలా కనిపించిందో గానీ, ఆపరేషన్ మాత్రం చాలా బాగా చేశారు.